అంటదు అన్న మాట

"అంటుకోదండీ."

ముప్ఫయ్యేళ్ళుగా నేను ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటానో లెక్క లేదు. బస్సులో పక్క సీటావిడతో, బ్యూటీ పార్లర్లో దువ్వెన చేత్తో పట్టుకుని ఆగిపోయిన అమ్మాయితో, నా చేతిలోంచి జవాబు పత్రాల కట్ట అందుకుంటూ వేళ్ళు తగలకుండా జాగ్రత్తపడ్డ తోటి లెక్చరర్‌తో, ఒకసారి హారతి పళ్ళెం వెనక్కి లాక్కున్న పూజారిగారితో. వాళ్ళు అడక్కముందే అనేస్తాను. అడిగించుకోవడం కన్నా మనమే ముందు చెప్పెయ్యడం గౌరవంగా ఉంటుందని మొదట్లో అనుకునేదాన్ని. మాటలో అబద్ధమేమీ లేదు. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, ఒకే మంచం మీద పడుకుంటే రాదు, ఒకే తువ్వాలు వాడుకున్నా రాదు. ఇంత నికార్సయిన నిజం చెప్పాక కూడా ప్రతిసారీ నోరు చేదెక్కేది. ఎందుకో చాలాకాలం అర్థం కాలేదు.

అర్థమవడం మొదలైన రోజు మాత్రం బాగా గుర్తుంది. 2001 వేసవి. ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల ఓపీ. మన దేశంలో వైద్య కళాశాలల్లో చర్మ వ్యాధులు, సుఖ వ్యాధులు, కుష్ఠు, ఈ మూడూ ఒకే విభాగం. గుమ్మం పైన బోర్డు మీద మూడు పేర్లూ ఉంటాయి. ఆ బోర్డు కింద కూచోవాలంటే మధ్యతరగతి ఆడవాళ్ళకి ప్రాణం పోయినంత పనవుతుంది. మూడింటిలో ఏదో పరాయివాళ్ళకి తెలియదు కదా. నేను కొంగు నిండుగా కప్పుకుని, చేతిలో పుస్తకం పెట్టుకుని, ఎవరికోసమో వచ్చినదానిలా కూచునేదాన్ని.

ఆరోజు ఉక్కకి తట్టుకోలేక పొట్టి చేతుల జాకెట్టు వేసుకున్నాను. పక్కన ఒకావిడ కూచుంది. యాభై దాటి ఉంటాయి. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. పాదానికి గుడ్డ కట్టు. నా మోచేతుల మీద తెల్లటి పొలుసుల్ని కాసేపు చూసి, "నీకూ ఇదేనా బిడ్డా?" అంది. గొంతులో జాలి లేదు. రైల్లో ఎదురు బల్ల మీద మనిషి "మీదీ కాజీపేటేనా" అని అడిగినట్టు అడిగింది.

"కాదు కాదు. నాది అది కాదు. నాది అంటుకోదు" అన్నాను. అని, కొంగు సర్దుకునే నెపంతో జానెడు పక్కకి జరిగాను.

"మంచిదే బిడ్డా" అంది ఆవిడ. కొంచెం ఆగి, "నాది గూడ అంటదు. మందులు ఎన్నడో అయిపోయినయ్. పుండుకు కట్టు కట్టించుకపోదామని వచ్చిన" అంది.

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరయిన వైద్యశాస్త్రం. కుష్ఠుకి మూడు మందుల్ని కలిపి ఇచ్చే చికిత్సని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లోనే సిఫారసు చేసింది. మందులు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఆ మనిషి నుంచి ఇంకొకరికి సోకే ప్రమాదం పోతుంది. వేళ్ళు వంకరపోవడం, స్పర్శ లేని పాదానికి పుండ్లు పడడం జబ్బు వదిలిపోయాక కూడా మిగిలే నష్టాలు. ఆ బెంచీ మీద కూచున్న ఇద్దరం ఒకే స్థితిలో ఉన్నాం. ఇద్దరి వల్లా ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. కానీ ఎమ్మే చదివిన నేను జరిగాను, ఆవిడ జరగలేదు.

అప్పుడు తెలిసింది ఆ చేదు ఎక్కడిదో. "నాది అంటుకోదు" అనే వాక్యంలో కనపడని సగం ఒకటుంది. అంటుకునేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళని మీరు దూరం పెట్టినా నాకు అభ్యంతరం లేదు, నన్ను మాత్రం ఇటువైపు రానివ్వండి. బస్సులో పక్కావిడకి నేను చెబుతున్నది వైద్య సమాచారం కాదు, అర్జీ. గీత ఎందుకు గీశారని అడగడం లేదు. గీతకి నేను ఏ పక్కన ఉండాలో సరిచేయించుకుంటున్నాను. అంటరానితనం గురించి క్లాసులో గంటసేపు పాఠం చెప్పి బయటికొచ్చి నేను చేస్తున్న పని ఇది.

మా జబ్బుకి ఈ గీత చాలా పాతది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో రాబర్ట్ విలన్ అనే వైద్యుడు దీన్ని శ్రద్ధగా వర్ణించాడు గానీ పేరులో 'లెప్రా' అన్న మాట ఉంచేశాడు. 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా ఇదీ కుష్ఠూ వేరువేరని తేల్చాడు. ఈ విడదీత లేకపోతే ఏ మందూ వచ్చేది కాదు, కాబట్టి దాన్ని తక్కువ చేయను. అయితే సోరియాసిస్ గురించి ఏ కరపత్రం చూసినా మొదటి వాక్యం 'ఇది కుష్ఠు కాదు' అనే ఉంటుంది. ఆ కరపత్రం కుష్ఠు వచ్చిన మనిషి చదివితే ఎలా ఉంటుందో రాసినవాళ్ళు ఎప్పుడైనా ఆలోచించారా అని ఇప్పుడనిపిస్తుంది. హిందూ వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకి ఒక కారణంగా 2019 దాకా ఉంది. నయమయ్యే జబ్బని తెలిసిన తర్వాత కూడా మూడున్నర దశాబ్దాలకి పైగా ఆ మాట అలాగే ఉండిపోయింది.

జబ్బు సంగతి కొంచెం చెప్పాలి. మామూలు చర్మంలో అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. మాకు నాలుగైదు రోజులే. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి చర్మాన్ని తొందరపెడుతుంది. పాత పొర రాలకముందే కొత్తపొర వచ్చి మీద పడుతుంది. అదే పొలుసు. గీకితే కింద సూదిమొనల్లాంటి రక్తపు చుక్కలు. నాకు 24వ ఏట తలలో మొదలైంది, చుండ్రనుకున్నాం. ఆ తర్వాత మోచేతులు, మోకాళ్ళు, నడుము. అమ్మ వంకాయ మాన్పించింది, వేపాకు నీళ్ళు పోసింది. వంకాయ మీద ముప్ఫయ్యేళ్ళ ఆ నిషేధం అన్యాయమని ఇప్పుడు తెలుసుగానీ, ఇప్పటికీ తింటుంటే అమ్మ చూస్తున్నట్టే ఉంటుంది.

నడుము సంగతి విచిత్రం. చర్మం ఎక్కడ ఒరుసుకుంటే, ఎక్కడ గీరుకుంటే అక్కడ కొత్త మచ్చ పుట్టడం ఈ జబ్బు లక్షణం. 19వ శతాబ్దంలోనే కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని గుర్తించాడు, ఆయన పేరే పెట్టారు. నా ఒంటి మీద కోబ్నర్ గారి సిద్ధాంతాన్ని రుజువు చేసింది లంగా బొందు. నడుము చుట్టూ వడ్డాణం పెట్టినట్టు గుండ్రంగా, ఎర్రగా, ఒక అంగుళం వెడల్పున. గాజులు ఒరుసుకున్న చోట మణికట్టు మీద ఇంకో వరస. ఆడపిల్ల అలంకారాలన్నీ ఒక్కొక్కటే మచ్చలుగా అచ్చుపడుతుంటే డాక్టరు "బిగుతుగా ఉండేవి వేసుకోకండి" అన్నాడు. చీర కట్టుకోవడం తప్ప వేరే దారి లేని కాలేజీలో పనిచేసేదాన్ని అప్పుడు.

ఎండ కూడా అంతే. ఈ జబ్బుకి అన్నిటికన్నా చవకైన మందు సూర్యరశ్మి. అమెరికన్ రచయిత జాన్ అప్డైక్‌కి సోరియాసిస్ ఉండేది. చర్మంతో తన యుద్ధం గురించి ఆయన రాసిన పెద్ద వ్యాసం 1989లో వచ్చిన 'సెల్ఫ్ కాన్షస్‌నెస్' పుస్తకంలో ఉంది. ఎండ కోసం కరిబియన్ దీవుల దాకా వెళ్ళి ఇసుకలో పడుకున్నాడాయన. మా ఇంటి వెనక వీధిలో అదే జబ్బున్న పోస్టుమాస్టరు గారు కరిబియన్ దాకా పోనక్కర్లేకుండా, లుంగీ ఎగగట్టి, వీపంతా కొబ్బరినూనె రాసుకుని పొద్దున్న 8 గంటలకి డాబా మీద పేపరు చదువుకునేవారు. నాకు ఎండ బోలెడుంది. అందులో వీపు పెట్టుకునే హక్కే లేదు. డాబా నాలుగువైపులా దుప్పట్లు కట్టి కూచుందామని ఒకసారి ప్రయత్నించాను. ఎదురు మేడ వాళ్ళ అబ్బాయి గాలిపటం ఎగరేసుకోవడానికి పైకెక్కాడు. అంతటితో ఆ వైద్యం ముగిసింది.

మిగతా మందులన్నీ వరసగా చూశాను. 1925 నుంచీ వాడుకలో ఉన్న కోల్‌తారు, అతినీలలోహిత కిరణాల జోడీలో తారు భాగం మాత్రమే నాకు దక్కింది. రోడ్డు వేస్తున్నప్పటి వాసన, దుప్పట్లకి మరకలు. స్టెరాయిడ్ పూతమందు మొదట అమృతంలా పనిచేసింది. చాలాకాలం అడ్డూ అదుపూ లేకుండా రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడి చారలు పడింది. డాక్టరు రాసింది నెలకైతే నేను షాపులో కొనుక్కుని ఏడాది రాశాను, తప్పు నాదే. తర్వాత మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మర్చిపోయి రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. క్యాలెండరులో మంగళవారాల చుట్టూ సున్నాలు చుట్టుకుని, ఎప్పటికప్పుడు కాలేయానికి రక్తపరీక్షలు చేయించుకుంటూ మూడేళ్ళు వాడాను. ఆ మందు వంశవృక్షంలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కేన్సర్ మీద పోరాటానికి వచ్చినవి. 1951లో అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతానికి ఇచ్చి చూస్తుంటే కొందరికి ఒంటిమీది సోరియాసిస్ మాయమవడం వైద్యుల కంటపడింది. సుబ్బారావుగారు 1948లోనే పోయారు. ఈ సంగతి ఆయనకి తెలియదు.

ఆ మాత్ర గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది. అందుకని రాసే ముందు డాక్టరు ఒక ప్రశ్న అడగాలి. అడిగాడు. పక్క కుర్చీలో ఉన్న మా ఆయన్ని. "ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా?" ప్రశ్నలో తప్పు లేదు, అడిగి తీరాల్సినదే. చేరిన చిరునామాయే తప్పు.

సమయానికి సాయపడింది వెలుతురే, ఆసుపత్రి గదిలోది. బీరువా లాంటి పెట్టెలో గొట్టాల దీపాల మధ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడాలి. 311 నానోమీటర్ల దగ్గరి సన్నని పట్టీ కిరణాలు. మొదట సెకన్లు, క్రమంగా నిమిషాలు. వారానికి మూడుసార్లు. పదకొండో వారానికి నా మోచేతులు నావేనా అన్నట్టు తయారయ్యాయి. ఇది శాశ్వతం కాదు. కొన్ని నెలలకి మళ్ళీ వస్తుంది, మళ్ళీ వెళ్తాను. ఇప్పుడు ఇంకా కొత్తవి, రోగనిరోధక వ్యవస్థలో పొరపాటు జరిగేచోటే అడ్డుపడే ఇంజెక్షన్లు వచ్చాయి. 2013లో బెంగళూరులో తయారైన ఇటోలిజుమాబ్ వాటిలో ఒకటి. పింఛను మీద బతికే నా బోటిదానికి వాటి ధర అడగడం కూడా విలాసమే.

ఉపశమనం అంటే ఏమిటో చెప్పడానికి నాకు పెద్ద మాటలు లేవు. రాత్రంతా లేవకుండా పడుకోవడం. చింతపండు పులుసు పిసికితే వేళ్ళ పగుళ్ళలో మంట పుట్టకపోవడం. పనమ్మాయి రాకముందే లేచి దుప్పటి మీద పొట్టు దులిపెయ్యాల్సిన పని లేకపోవడం.

ఈ ఉపశమనం గురించే ఒక స్నేహితురాలితో గట్టిగా పోట్లాడాను. స్త్రీవాద సభల్లో నాతోపాటు పాతికేళ్ళు తిరిగిన మనిషి. "ఎవరి చూపుకి భయపడి ఈ మందులు? నీ శరీరాన్ని నువ్వు ఒప్పుకోవడం నేర్చుకో" అంది. దురదకి ఎవరి చూపూ అక్కర్లేదు, చీకట్లో కూడా పెడుతుంది అన్నాను. ఆ జవాబుతో గెలిచాననుకున్నాను గానీ అది సగం జవాబే. ఎందుకంటే మోచేతులు నున్నబడిన వారమే నేను వెళ్ళి పొట్టి చేతుల జాకెట్లు నాలుగు కుట్టించుకున్నాను. వాటిలో ఒకటి నలుపు, పొట్టు రాలితే కనపడుతుందని ఇరవయ్యేళ్ళు దగ్గరికి రానివ్వని రంగు. అది దురద తగ్గినందుకా, చూపు మారినందుకా? విడదీసి చెప్పలేను. నా కళ్ళు కూడా ఈ వీధిలో, ఈ ఇంట్లో, ఈ సినిమాలు చూసి తయారైన కళ్ళే. వాటిని తీసి పక్కన పెట్టి అద్దం ముందు నిలబడమంటే ఎలా? 'మచ్చ లేకుండా ఉండు' అని మా అత్తగారి తరం శాసించింది, 'మచ్చలతో సంతోషంగా ఉండు' అని నా స్నేహితురాలు శాసించింది. రెండోది ప్రేమతో అన్న మాట, కాదనను. కానీ నాకెప్పుడు దురద పెట్టిందో ఇద్దరూ అడగలేదు.

ఇక 2019 పెళ్ళి. మా అన్నయ్య కూతురిది. నలుగు పెట్టే రోజుకి వారం ముందు వదిన వచ్చింది. ఆవిడ చెడ్డది కాదు, నా తలకి తారు షాంపూ పోసిన చేతులే ఆవిడవి. "వాళ్ళ వైపువాళ్ళు చూస్తే ఏదో అనుకుంటారు. పిల్లకీ వస్తుందంటారు. ఆ ఒక్కరోజూ నువ్వు కొంచెం వెనకుండు" అంది. మేనత్తని. పసుపూ సున్నిపిండీ చేత్తో తీసి పిల్ల ఒంటికి రాయాల్సినదాన్ని.

'అంటుకోదు' అన్న నా మాట ఇక్కడ పనికిరాలేదు. వదిన భయం అంటు గురించి కాదు, వంశం గురించి. అది పూర్తిగా వట్టి భయమూ కాదు. ఈ జబ్బు వచ్చే అవకాశం కుటుంబాల్లో దిగుతుంది. జబ్బే దిగుతుందని కాదు, ఒకే పోలిక కవలల్లో ఒకరికి వచ్చి రెండోవారికి రాకపోవడమూ ఉంది. అయినా నేను ముందుకొస్తే పిల్ల గురించి ఒక సంగతి నలుగురికీ చెప్పినట్టే, పిల్ల అనుమతి లేకుండా. వెనకుంటే ఒక దాపరికంలో పాలుపంచుకున్నట్టే. ఈ రెంటిలో ఏది సరయినదో ఆలోచించాల్సింది పోయి మూడో దారి వెతుక్కున్నాను. పది రోజుల్లో తగ్గించేస్తానన్న ఒక డాక్టరు దగ్గరికెళ్ళి సూది వేయించుకున్నాను. ఏం సూదో అడగలేదు. స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. నున్నటి చేతులతో నలుగు పెట్టాను. ఫొటోల్లో ఉన్నాను. ఆ పది రోజులూ ఎవరికీ 'అంటుకోదండీ' అని చెప్పుకోలేదు. ఎంత హాయిగా ఉందో ఎలా దాచను? నెల తిరక్కుండా సూది ప్రభావం పోయింది. ఒళ్ళంతా ఎర్రబారి, చీము పొక్కులు లేచి, చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరాను. ఈ జబ్బులో ఒంట్లోకి ఇచ్చిన స్టెరాయిడ్ హఠాత్తుగా ఆగితే ఇలా తిరగబెట్టవచ్చని అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పెళ్ళికూతురు చూడ్డానికొచ్చింది. ఎందుకిలా అయిందో తనకి చెప్పలేదు.

మొన్న 2024లో ఆ పిల్ల ఫోన్ చేసింది. కాన్పై మూడు నెలలు. గర్భంతో ఉన్నప్పుడు సద్దుమణిగే ఈ జబ్బు కాన్పు తర్వాత చాలామందికి విజృంభిస్తుంది, కొందరికి అప్పుడే మొదలవుతుంది. చెవి వెనక, తలలో, మోచేతి మీద. "అత్తా, నీకున్నదేనటే ఇది. మా అత్తగారు నా తువ్వాళ్ళు విడిగా ఉతికిస్తున్నారు. పాలివ్వొచ్చా అని అడుగుతున్నారు."

ముందు మందుల సంగతి మాట్లాడాం. పాలిచ్చేటప్పుడు మెథోట్రెక్సేట్ వద్దని, పూతమందులూ వెలుతురూ ఉన్నాయని, రొమ్ము దగ్గర ఏదైనా రాసేముందు డాక్టర్ని అడగమని, సూదితో పది రోజుల్లో తగ్గిస్తామనేవాళ్ళ గుమ్మం తొక్కొద్దని. 2019లో ఎందుకు ఆసుపత్రిలో పడ్డానో కూడా అప్పుడే చెప్పాను. అటువైపు ఏడ్చిందో లేదో తెలియదు. "మరి వీళ్ళకేం చెప్పను?" అంది.

నేను ఎన్నేళ్ళుగానో అసహ్యించుకుంటున్న మాటే చెప్పాలి. పసివాడు తల్లి ఒడిలో ఉండడానికి ఆ సమాచారం కావాలి. సంజాయిషీలా కాకుండా సమాచారంలా ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఈలోగా వాళ్ళ అత్తగారే ఫోన్ తీసుకుంది.

"అంటుకోదు కదా వదినగారూ?"

"అంటుకోదండీ" అన్నాను. అని ఊరుకోలేక, "అంటుకునేదే అయితే ఏం చేసేవాళ్ళు?" అని అడిగాను.

అవతల చాలాసేపు మాట లేదు. పసివాడు ఏదో చప్పుడు చేస్తున్నాడు.

"ఏం చేస్తామండీ, మందిప్పిస్తాం" అంది ఆవిడ.

తువ్వాళ్ళ సంగతి అడగవలసింది. అడగలేదు.